అపార్ట్‌మెంట్‌లోనే పసిపిల్లల సెన్సరీ ప్లే క్లాసు పెట్టుకోవడం ఎలా?

సెన్సరీ ప్లే, అంటే తాకి, చూసి, విని, వాసన చూసి ఆడే ఆటల క్లాసు కొండాపూర్‌లో, మీ ఇల్లు మియాపూర్ అవతల. పాపకు పాలు పట్టి, డైపర్ మార్చి, బ్యాగు సర్దుకుని, క్యాబ్ ఎక్కి, ట్రాఫిక్ దాటుకుని చేరేసరికి పాప గాఢనిద్రలో ఉంటుంది. లేపితే ఏడుపు. లేపకపోతే కట్టిన ఫీజు దండగ. ఏడాదిలోపు పిల్లకు ఇంత ప్రయాణం పెట్టే బదులు, ఆ క్లాసునే మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోకి తెచ్చుకోవచ్చు. ఖరీదైన సామాను అక్కర్లేదు, డిగ్రీలూ అక్కర్లేదు. కొంచెం జాగ్రత్త, బోలెడు ఓపిక ఉంటే చాలు.

ఈ వయసు పిల్లలు ఏది తెలుసుకున్నా చేత్తో, నోటితో, ఒంటితోనే. నలుగు పెట్టి, కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని లాలపోసే అమ్మమ్మ చేసేదీ ఒకరకంగా ఇదే క్లాసు. ఆ అమ్మమ్మ ఇప్పుడు ఊళ్లో ఉంటుంది, కోడలో కూతురో పన్నెండో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. కాబట్టి మనం పెట్టుకునే క్లాసు పిల్లకు ఎంత అవసరమో తల్లికీ అంతే అవసరం. కింద చెప్పేవన్నీ ఇది మనసులో పెట్టుకునే చదవండి.

ముందు ఎవరిని పిలవాలో తేల్చుకోండి

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెడితే ఇరవై మంది వస్తామంటారు. అయిదారు జంటలకు మించి తీసుకోకండి. జంట అంటే ఒక పిల్ల, ఒక పెద్దమనిషి. ఆ పెద్దమనిషి తల్లి, తండ్రి, అమ్మమ్మ, నానమ్మ, తాతయ్య, ఎవరైనా ఫర్వాలేదు. పనమ్మాయితో పంపిస్తాం అంటే మాత్రం మెత్తగా కాదనండి. ఇది పిల్లను దింపేసి వెళ్లే చోటు కాదు.

తర్వాత పిల్లల్ని మూడు గుంపులుగా చేయండి: ఇంకా కూర్చోలేనివాళ్లు, కూర్చోగలిగినా ఇంకా పాకలేనివాళ్లు, పాకుతూ పట్టుకుని నిలబడేవాళ్లు. నెలలు లెక్కపెట్టడం కంటే ఇదే నయం. పాకేవాడిని ఒళ్లో పిల్లల మధ్య వదిలితే వాడు తిన్నగా వెళ్లి ఇంకో పాప కంట్లో వేలు పెడతాడు. అది వాడి తప్పు కాదు, పిలిచినవాళ్ల తప్పు. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలుంటే పుట్టిన తేదీ నుంచి కాకుండా, డాక్టరు ముందుగా చెప్పిన డెలివరీ తేదీ నుంచి వయసు లెక్కేయండి.

టీకాల సంగతి మొహమాటపడకుండా అడగండి. మన ప్రభుత్వ టీకాల పట్టికలో 6, 10, 14 వారాలకు వేసేవి ఉంటాయి. ఆ మూడు విడతలూ అయ్యాక రమ్మనడం మంచిది. అంతకంటే ముందే తీసుకొస్తామంటే వాళ్ల పిల్లల డాక్టర్ని అడిగి రమ్మనండి. జ్వరం, జలుబు, విరేచనాలు, కళ్లకలక, వీటిలో ఏది ఉన్నా ఆ వారం ఇంట్లోనే. తల్లికి జలుబున్నా అంతే. ఈ నియమం మొదటి రోజే గ్రూపులో పెట్టేస్తే తర్వాత ఎవరూ నొచ్చుకోరు.

చోటు, వేళ

హాలు ఎంత పెద్దదైనా మీకు కావలసింది ఒక మూల మాత్రమే. రెండు మూడు ఫోమ్ మ్యాట్లు, వాటి మీద ఉతికిన దుప్పటి. అంకెలూ అక్షరాలూ ఊడివచ్చే పజిల్ మ్యాట్లు వద్దు, పిల్లలు ఆ ముక్కల్నే కొరుకుతారు. ఫినాయిల్‌తో తుడిచిన వెంటనే పిల్లల్ని కింద పెట్టకండి. హౌస్‌కీపింగ్ వాళ్లకు ముందురోజే చెప్పి, మామూలు నీళ్లతో తుడిపించి ఆరనివ్వండి. ఏసీ గాలి సూటిగా పిల్లల మీదికి రాకూడదు. బ్లూటూత్ స్పీకరు తెచ్చే ఉత్సాహవంతులు ఎప్పుడూ ఒకరుంటారు. థ్యాంక్స్ చెప్పి పక్కన పెట్టించండి.

వేళ పొద్దున పదిన్నర, పదకొండు మధ్య సాధారణంగా కుదురుతుంది. పొద్దుటి కునుకు అయిపోయి ఉంటుంది, పాలు తాగి అరగంటైనా అయి ఉంటుంది. కడుపునిండా తాగిన పిల్లను వెంటనే బోర్లా పడుకోబెడితే పాలు కక్కుతుంది. మొత్తం క్లాసు నలభై నిమిషాలు దాటకూడదు, అందులో అసలు ఆట పదిహేను నిమిషాలే. మిగతాదంతా రావడం, సర్దుకోవడం, పాలివ్వడం, కబుర్లు. ‘ఇంతేనా?’ అని ఎవరైనా అడుగుతారు. ఇంతే. అయిదు నెలల పిల్లకు పదిహేను నిమిషాలు ధ్యాసపెట్టి ఆడటమంటే చాలా పెద్ద పని.

పెట్టె

ఆట సామానంతా ఉంచే పెట్టె ఇది. డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే అనుకుంటారు. నిజానికి సగం సామాను మీ వంటింట్లోనే ఉంది.

ఒళ్లో పిల్లలకు కావలసింది నలుపు తెలుపు. పుట్టిన కొత్తలో పిల్లల చూపు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోనే బాగా ఆనుతుంది, అంటే పాలిచ్చేటప్పుడు తల్లి మొహం ఉండేంత దూరం. రంగులన్నీ సరిగ్గా తెలిసేది నాలుగైదు నెలలకు. అందుకే లేత గులాబీ కుందేలు బొమ్మకంటే చార్టు మీద మార్కరుతో గీసిన గళ్లు వాళ్లను ఎక్కువసేపు ఆపుతాయి. మీ దగ్గర నలుపు తెలుపు పోచంపల్లి ఇక్కత్ చున్నీ ఉంటే అంతకుమించిన కార్డు లేదు. దాన్ని పిల్ల మొహానికి జానెడు పైన పట్టుకుని, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నెమ్మదిగా కదపండి. కళ్లు వెంట వస్తాయి, మధ్యలో ఆగిపోతాయి, మళ్లీ దొరకబుచ్చుకుంటాయి. చున్నీ ఆడేదాకే, మొహం మీద కప్పడం, పక్కన వదిలేయడం వద్దు. ఒక అద్దం కూడా కావాలి, అక్రిలిక్‌ది. గాజుది వద్దు.

కూర్చునే పిల్లలకు ఒక వెదురు బుట్ట. బ్రిటన్‌కు చెందిన ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే విద్యావేత్త దీన్ని ‘ట్రెజర్ బాస్కెట్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. కూర్చోవడం వచ్చి ఇంకా పాకని పిల్ల ముందు ఇంట్లో వాడే రకరకాల వస్తువుల బుట్ట పెట్టి, పెద్దవాళ్లు పక్కన నోరు మూసుకుని కూర్చోవడం, ఆవిడ పద్ధతి ఇది. మన బుట్టలో స్టీలు గ్లాసు, చెక్క గరిటె, చిన్న కవ్వం, నున్నగా తోమిన కొబ్బరి చిప్ప, ఆరబెట్టిన బీరపీచు, ఉతికిన పాత పంచె ముక్క, పెద్ద బత్తాయికాయ. ప్లాస్టిక్ ఒక్కటి కూడా అక్కర్లేదు. చల్లగా ఉండేది, గరుగ్గా ఉండేది, బరువుగా ఉండేది, వాసన వచ్చేది, ఇలా ఒక్కో వస్తువు ఒక్కో రకంగా ఉండాలి.

స్టీలు గ్లాసు ఒక్కటి చూడండి ఏం జరుగుతుందో. పాప ముందు అంచును నోట్లో పెట్టుకుంటుంది, చల్లదనానికి మొహం చిట్లిస్తుంది. జారిపోయి నేలమీద ఖంగున మోగుతుంది. ఉలిక్కిపడి తల్లి వైపు చూస్తుంది. తల్లి మొహంలో భయం లేదని తెలియగానే గ్లాసు అందుకుని, ఈసారి కావాలనే కొడుతుంది. ఆగి వింటుంది, మళ్లీ కొడుతుంది. ఇక్కడ ‘గ్లాసు! గ్లాసు చెప్పు! జీ ఫర్ గ్లాస్!’ అని ఎవరైనా మొదలెట్టారంటే ఆట పోయినట్టే.

కొన్న బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి. నమోదైన చేతివృత్తి కళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది కాబట్టి శిల్పారామంలో కొన్న ఏటికొప్పాక లక్కబొమ్మ మీద గుర్తు లేకపోతే కంగారుపడకండి. గింజలు, చెట్ల బెరళ్ల రంగులతో చేసిన అసలైన ఏటికొప్పాక గిలక్కాయ ఎంతో బాగుంటుంది. పూత పెచ్చులూడుతోందా, లోపలి గింజలు బయటికి వచ్చే సందుందా అన్నది మాత్రం ప్రతిసారీ వేలితో తడిమి చూసుకోవాలి.

ఇక పెట్టెలో ఉండకూడనివి. టిష్యూ రోలు మధ్యలో ఉండే అట్టగొట్టంలోంచి దూరే వస్తువేదీ వద్దు. పూసలు, గవ్వలు, వక్కలు, పసుపుకొమ్ములు, బొత్తాలు అన్నీ ఇందులోకే వస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే రంగు బియ్యం ట్రేలు, పప్పుగింజల ట్రేలు అన్నీ నోట్లో పెట్టుకోవడం మానేసిన పెద్ద పిల్లలవి. నీళ్లలో వేస్తే ఉబ్బే జెల్ ముత్యాలు అసలు ఇంట్లోకే రానివ్వకండి. మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డం పడతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మలు, రబ్బరు బెలూన్లు, థర్మాకోల్ బంతులు, మెరుపుల పొడి, టాల్కం పౌడరు కూడా అంతే. నానమ్మల కాలం నాటి ఇత్తడి సామానులో సీసం ఉండొచ్చు, చూడముచ్చటగా ఉన్నా నోటికి వద్దు. వాసన ఆటకు పుదీనా, కరివేపాకు, బత్తాయి తొక్క పల్చటి గుడ్డలో మూటకట్టి గట్టిగా ముడి వేయండి. కర్పూరం మాత్రం ఎంత కొంచెమైనా వద్దు, పొరపాటున మింగితే పసిపిల్లలకు ఫిట్స్ తెప్పిస్తుంది. సాంబ్రాణి పొగ వేయాలని ఏ ఆంటీ అయినా అంటే, పిల్లల ఊపిరితిత్తులకు పడదని చెప్పండి.

క్లాసు నడిపే తీరు

మొదటి అయిదు నిమిషాలు ఏమీ చేయకండి. పిల్లలు ఒళ్లో కూర్చుని చుట్టూ చూడాలి. ఒక్కొక్కరి పేరు పిలుస్తూ చప్పట్ల పాట ఏదైనా పాడుకోండి. గొంతు బాగుండాల్సిన పని లేదు. ప్రతి వారం అదే పాట కావాలి, పిల్లలు దాన్నిబట్టే ఎక్కడికొచ్చామో గుర్తుపడతారు. మన అపార్ట్‌మెంట్లలో తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళం అన్నీ ఉంటాయి. ఎవరి పిల్లతో వాళ్లు ఇంటి భాషలోనే మాట్లాడమనండి. పక్కవాళ్ల కోసం ఇంగ్లీషులోకి మారక్కర్లేదు.

తర్వాత బోర్లా పడుకోబెట్టడం. ఇంకా పాకని పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు, రోజు మొత్తమ్మీద కలిపి కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒకేసారి అక్కర్లేదు, రెండేసి మూడేసి నిమిషాలు చాలు. చాలామంది పిల్లలు గొల్లుమంటారు. అప్పుడు తల్లి కూడా ఎదురుగా బోర్లా పడుకుని మొహం మొహానికి ఎదురు పెట్టాలి. లేదా తల్లి వెల్లకిలా పడుకుని పిల్లను ఛాతీ మీద వేసుకోవాలి. చంకల కింద చుట్టిన తువ్వాలు పెడితే ఇంకాస్త సుఖం. మన ఇళ్లలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుతారుగా. బొబ్బట్ల రోజు ఎవరిదైనా వస్తే క్లాసులోనే పంచుకోండి, పెద్దవాళ్లకు మాత్రమే.

అసలు ఆట వారానికి ఒక్కటే. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా క్లాసు పెట్టేవాళ్లు నాలుగైదు పెడతారు. ఒక వారం గుడ్డలు: పట్టు, నూలు, గోనె, ఉన్ని ముక్కలు అరికాళ్లకు తాకించడం. ఇంకో వారం పాత జార్జెట్ చీరను నలుగురు నాలుగు కొసలా పట్టుకుని పిల్లల మీద పైకీ కిందికీ ఊపడం; గాలి తగులుతుంది, వెలుగు మారుతుంది, చీర వెనక అమ్మ మాయమై మళ్లీ కనిపిస్తుంది. ఎనిమిది నెలల చుట్టుపక్కల పిల్లలకు కనపడని వస్తువు కూడా ఎక్కడో ఉందన్న ఎరుక వస్తుంది, అందుకే ఆ వయసులో ఈ ఆటకు కేరింతలు కొడతారు. ఇంకో వారం నీళ్లు.

నీళ్లాటకు కొంచెం ఎక్కువ చెప్పాలి. వెడల్పాటి స్టీలు పళ్లెంలో రెండు సెంటీమీటర్ల లోతుకు మించి పోయకండి. బోరు, ట్యాంకరు నీళ్లు వద్దు, పిల్లలు తప్పకుండా చేతులు నాకుతారు. కాచి చల్లార్చిన తాగే నీళ్లు గోరువెచ్చగా పెట్టండి. మీ మోచేతికి వేడి తెలియకూడదు. అంగుళం నీళ్లలో కూడా పసిపిల్లకు ప్రమాదం జరగొచ్చు కాబట్టి పెద్దవాళ్ల చేయి ఎప్పుడూ పిల్ల మీదే ఉండాలి. ఫోన్ మోగితే మోగనివ్వండి. ఆట కాగానే పళ్లెం ఖాళీ చేసేయండి, ‘తర్వాత పారబోద్దాం’ అని మూలన పెట్టకండి.

తిండితో ఆట

ఆరు నెలలు నిండి, ఇంట్లో అన్నప్రాసన అయి, ఘనాహారం మొదలుపెట్టిన పిల్లలకే ఇది. ఆరు నెలలలోపు తల్లిపాలు తప్ప ఇంకేదీ నోటికి పోకూడదు.

పెరుగులో బీట్‌రూట్ రసం కలిపితే చిక్కటి గులాబీ. పాలకూర ఉడికించి రుబ్బితే ఆకుపచ్చ. చల్లారిన రాగిజావ గడ్డకట్టి వేళ్లకు వింతగా తగులుతుంది. మెత్తగా ఉడికించిన సేమ్యా పట్టుకోవాలని చూసే పిల్ల అవస్థ ముచ్చటగా ఉంటుంది. ఉప్పు, పంచదార కలపకండి. తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, దానిలో ఉండగల బ్యాక్టీరియా పసిపేగుల్లో బొటులిజం అనే జబ్బు తెస్తుంది. పచ్చి మైదా, పచ్చి గోధుమపిండి కూడా పనికిరావు. ఇంట్లో ఇంతకుముందు తిని, ఒంటికి పడిన పదార్థమే క్లాసులో పెట్టాలి. పాలు, గోధుమ, వేరుశనగ పడనివాళ్లు ఎవరున్నారో ముందే రాసుకోండి.

ఒక పెద్దావిడ తప్పకుండా అంటారు: “అన్నం మెతుకు కిందపడితే కళ్లకద్దుకునేవాళ్లం, పెరుగుతో ఆటలేంటమ్మా?” వాదించకండి. ఆవిడ మాటలో న్యాయం ఉంది. పిల్లకు రెండు చెంచాలకు మించి పెట్టకండి, మిగిలింది పారబోసేంత ఉండకూడదు. అప్పటికీ మనసొప్పకపోతే జిప్‌కవర్లో బీట్‌రూట్ నీళ్లు పోసి, నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించేయండి. పిల్ల పైనుంచి తడుతుంది, తిండీ వృథా కాదు. కవర్ను నోటికి అందకుండా చూసుకుంటే చాలు.

పిల్ల ఏం చెబుతోందో చూడండి

క్లాసు బాగా జరిగిందా లేదా అన్నది దీనిమీదే ఆధారపడుతుంది. ఏడుపు ఆఖరి మాట. దానికి చాలా ముందే పిల్ల చెప్పేస్తుంది. మొహం పక్కకు తిప్పుకుంటుంది. ఆవలిస్తుంది, ఎక్కిళ్లు వస్తాయి. వేళ్లు విప్పార్చి చేయి అడ్డంగా పెడుతుంది. నడుము వెనక్కి విల్లులా వంచుతుంది. కళ్లు నులుముకుంటుంది. ఇవి కనిపిస్తే గిలక్కాయ ఇంకా గట్టిగా ఊపడం కాదు చేయాల్సింది. ఆపండి. మాట్లాడకుండా ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్లండి. రెండు నిమిషాల తర్వాత తనే మళ్లీ ఆట వైపు చూస్తే సరే. చూడకపోతే ఈరోజుకి అయిపోయింది, ఇంటికి వెళ్లిపోవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

కొందరు పిల్లలు జిగటగా ఉన్నదేదీ ముట్టుకోరు. చేయి పట్టుకుని పెరుగులో ముంచకండి. తల్లి తన చేత్తో ఆడుతుంటే చూడనివ్వండి. చూడటం కూడా ఆటే. ఒక చెంచా ఇస్తే దానితో కెలకడానికి ఒప్పుకునే పిల్లలు చాలామంది.

గొంతులో అడ్డం పడితే

అప్పుడు ఏం చేయాలో నేర్చుకున్నవాళ్లు మొదటి క్లాసుకు ముందే కనీసం ఒకరైనా ఉండాలి. మీ పిల్లల డాక్టర్ని చూపించమని అడగండి, చాలామంది సంతోషంగా చూపిస్తారు. గట్టిగా దగ్గుతూ ఏడుస్తుంటే గాలి ఆడుతోందన్నమాట, దగ్గనివ్వండి. శబ్దం రాకుండా, రంగు మారుతుంటే ఆలస్యం చేయకూడదు. ఏడాదిలోపు పిల్లను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, భుజాల మధ్య వీపు మీద అరచేత్తో 5 దెబ్బలు. తిప్పి ఛాతీ మధ్యలో 5 నొక్కులు. వస్తువు బయటపడేదాకా ఇవే మార్చి మార్చి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి, అందుకే నేర్చుకునేటప్పుడు అది కూడా నేర్పమనండి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలుపెట్టి కెలకడం, నీళ్లు తాగించడం వద్దు.

పెద్దవాళ్లకు రెండు నియమాలు

ఫోన్లన్నీ ఒక బుట్టలో. ఆఖరి అయిదు నిమిషాల్లో కావలసినవాళ్లు తమ పిల్ల ఫొటో తీసుకోవచ్చు. పక్కవాళ్ల పిల్ల ఫ్రేములో ఉంటే అడక్కుండా రీల్‌లో పెట్టకూడదు.

రెండోది, పోలికలు బంద్. ‘మావాడికి అప్పుడే రెండు పళ్లు, మీవాడికి ఇంకా రాలేదా?’ అనే మాట క్లాసును చంపేస్తుంది. ఎవరికైనా తమ పిల్ల శబ్దానికి తిరగడం లేదనో, చూపు నిలపడం లేదనో నిజంగా బెంగ ఉంటే గ్రూపులో చర్చ పెట్టకుండా డాక్టరు దగ్గరికి పంపండి.

ఆట అయ్యాక పది నిమిషాలు టీ కోసం వదిలేయండి. రాత్రంతా నిద్రలేదని, పాలు చాలడం లేదేమోనని, అత్తగారితో మాటపడ్డానని, తల్లులు నోరు విప్పేది అప్పుడే. దీన్ని వృథా అనుకుని తీసేయకండి. ఎవరైనా రెండు వారాలకు మించి దిగులుగా ఉంటే, పిల్లను చూసినా ఏమీ అనిపించడం లేదంటే, వాళ్ల వెంట డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

కడగడం, అప్పగించడం

క్లాసు జరుగుతుండగానే ఒక టబ్బు పక్కన పెట్టి, నోట్లో పెట్టిన ప్రతి వస్తువునీ అందులో పడేయండి. ఇంటికెళ్లి గిన్నెల సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెడితే చాలు. బీరపీచు, గుడ్డలు బాగా ఆరకపోతే వానాకాలంలో బూజు పడతాయి. అనుమానం ఉంటే పారేసి కొత్తవి పెట్టండి. మ్యాట్ల మీది దుప్పటి ప్రతిసారీ ఉతకాలి.

ఒకే ఆట రెండు మూడు వారాలు వరసగా పెట్టండి. మీకు విసుగొస్తుంది. పిల్లలకు మాత్రం మొదటి వారం భయం, రెండో వారం అనుమానం, మూడో వారానికి గానీ ఆట మొదలవదు.

ఇలాంటి క్లాసులు చాలావరకు ఆగిపోయేది నడిపే ఆవిడ ప్రసూతి సెలవు అయిపోయినప్పుడే. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అందులో కొన్ని డెలివరీకి ముందే పోతాయి. కాబట్టి మొదటి నెలలోనే రెండో మనిషిని పక్కన పెట్టుకోండి. పెట్టె మూతకు లోపలి వైపు సామాను చీటీ అంటించండి, ఏ పిల్లకు ఏం పడదో రాసిన నోటుపుస్తకం అందులోనే ఉంచండి. హాలు ఎవరి పేరున బుక్ అయిందో, పెట్టె ఏ ఫ్లాట్‌లో ఉందో గ్రూపులో పిన్ చేసి పెట్టండి.